గీతలు పడ్డ పాత యాక్రిలిక్ అక్వేరియం: ఎక్కడ మొదలుపెట్టాలి, ఎక్కడ ఆపాలి

మీరు అడిగింది ఇది: కూకట్‌పల్లిలో ఇల్లు మారుతున్నవాళ్ళ దగ్గర నాలుగడుగుల యాక్రిలిక్ ట్యాంక్ కొన్నారు. పొడవు 120, వెడల్పు 45, ఎత్తు 45 సెంటీమీటర్లు, పలకల మందం 10 మిల్లీమీటర్లు. ముందు పలకకి లోపలా బయటా గీతలున్నాయి. నీటిమట్టం ఉండే చోట తెల్లటి పొర కట్టింది. వెనక ఎడమ మూల అతుకులో బుడగలు కనిపిస్తున్నాయి. టూత్‌పేస్టుతో గీతలు పోతాయా, కారు పాలిష్ చేసేవాళ్ళకి ఇచ్చేయొచ్చా, లోపల ఏది వాడితే చేపలకి హాని ఉండదు అన్నవి మీ సందేహాలు.

గీతలు పోతాయండీ. గాజు తొట్టికి లేని సౌకర్యం యాక్రిలిక్‌కి ఉన్నది ఇక్కడే. కాకపోతే ఒక సంగతి ముందే మనసులో పెట్టుకోండి: పాలిష్ ఏ గీతనీ తీసెయ్యదు. గీతని పూడ్చే మందు కూడా ఏదీ లేదు. గీత అడుగు ఎంత లోతులో ఉందో, దాని చుట్టూ ఉన్న పలకనంతా అంత లోతుకి దించాలి. ఆ పని చేసేది నీళ్ళతో రుద్దే ఉప్పు కాగితం. ఆ కాగితం మిగిల్చిన మసకని తీయడం వరకే పాలిష్ పని. టూత్‌పేస్టుతో గంటల తరబడి రుద్దితే గీత అంచులు గుండ్రబడతాయి, మసకగా ఉన్న గీత కాస్తా మెరిసే గీత అవుతుంది. అంతే తేడా. అరచేయంత చోట పైపైన పడ్డ మసకకి, అదీ బయటి వైపు అయితే, టూత్‌పేస్టు పనికొస్తుంది. లోపలి వైపు వద్దు.

కానీ మీ ట్యాంక్ విషయంలో గీతలకంటే ముందు చూడాల్సింది ఆ మూలలోని బుడగలు. అతుకు చెడిపోయిన ట్యాంక్‌ని రెండు రోజులు రుద్ది అద్దంలా చేసి, నీళ్ళు పోశాక కారుతుంటే ఆ శ్రమంతా వృథా.

ముందు అతుకులు, పగుళ్ళు

గది చీకటి చేసి, టార్చ్‌ని పలకకి దాదాపు ఆనించి పక్కనుంచి వెలుగు కొట్టండి. అతుకులో విడివిడిగా గుండ్రటి బుడగలు ఉంటే అది అతికించేటప్పుడు చిక్కుకున్న గాలి. చూడటానికి బాగుండదు కానీ ప్రమాదం తక్కువ. బుడగలు ఒకదానితో ఒకటి కలిసి లోపలి అంచు నుంచి బయటి అంచు దాకా దారిలా కనిపిస్తే నీరు ఆ దారినే వస్తుంది. అతుకంతా పాలలా తెల్లబడి ఉంటే అతికించిన రోజు గాలిలో తేమ ఎక్కువగా ఉండి ఉండొచ్చు. మన దగ్గర వానాకాలంలో చేసిన అతుకుల్లో ఇది మామూలే. అలాంటి అతుకు బలంలో కొంత తక్కువే.

అసలు భయపడాల్సింది క్రేజింగ్‌కి. టార్చ్ వెలుగులో వెండి తీగల్లా తళుక్కుమనే సన్నటి పగుళ్ళు, ఎక్కువగా అతుకుల వెంబడీ, పైన బిగింపు పట్టీలో కోసిన రంధ్రాల మూలల్లోనూ గుంపుగా ఉంటాయి. గీత పలక పైన ఉంటుంది, క్రేజింగ్ పలక లోపలికి దిగి ఉంటుంది. దాన్ని రుద్దితే పైన పోయి కింద కనిపిస్తుంది. పలకలో బిగుసుకుపోయిన ఒత్తిడి ఉన్నచోట స్పిరిట్, థిన్నర్, ఎసిటోన్, అమ్మోనియా ఉన్న అద్దాల క్లీనర్ లాంటివి తగిలితే ఇది పుడుతుంది. ముందు పలకలో గానీ కింది అతుకుల వెంబడి గానీ క్రేజింగ్ విస్తారంగా ఉంటే ఆ ట్యాంక్‌లో 45 సెంటీమీటర్ల నీళ్ళు నిలపవద్దు. తక్కువ నీటితో సంప్‌గా, అంటే అక్వేరియం కింద ఫిల్టర్ కోసం పెట్టే తొట్టిగా, వాడుకోవడం మేలు.

లోపలి మూలల్లో సిలికాన్ పూసి ఉందేమో కూడా చూడండి. యాక్రిలిక్ ట్యాంక్‌లో సిలికాన్ కనిపించిందంటే ఎప్పుడో కారింది, ఎవరో పైపైన సర్దారని అర్థం. సిలికాన్ గాజుని పట్టినట్టు యాక్రిలిక్‌ని పట్టుకోదు, కొన్నాళ్ళకి పొరలా ఊడి వస్తుంది. దాన్ని ప్లాస్టిక్ బ్లేడుతో గీకి తీసేసి, ఆ మూలలో 10 లేదా 12 మిల్లీమీటర్ల చదరపు యాక్రిలిక్ కడ్డీని ద్రావకంతో (యాక్రిలిక్‌ని కాస్త కరిగించి అతికే ద్రవంతో) అతికించడమే సరైన మరమ్మతు. మన ఊళ్ళో సైన్‌బోర్డులు చేసేవాళ్ళు దీనికి ఎక్కువగా క్లోరోఫాం వాడతారు. సన్నటి సూది ఉన్న సిరంజితో అతుకు అంచున వదిలితే సందులోకి దానంతట అదే పాకుతుంది. సందు బిగుతుగా ఉన్నప్పుడే అలా పాకుతుంది. ఖాళీ ఎక్కువగా ఉంటే యాక్రిలిక్ ముక్కల్ని అదే ద్రావకంలో కరిగించి చిక్కగా చేసి నింపాలి. దాని ఆవిరి పీల్చకూడదు, చర్మానికి తగలకూడదు, దగ్గర్లో మంట ఉండకూడదు, ఎందుకంటే వేడికి అది విషవాయువుగా మారుతుంది. అలవాటు లేకపోతే ఈ ఒక్క పనీ బాలానగర్, జీడిమెట్ల వైపు యాక్రిలిక్ ఫ్యాబ్రికేషన్ చేసేవాళ్ళకి అప్పగించండి. అతికాక వారం రోజులు ఆగి నీళ్ళు పోయండి.

అక్కడ ఇంకో జాగ్రత్త ఉంది. అంచులు మెరవడానికి గ్యాస్ మంట చూపిస్తామని కొందరు అంటారు. పేరు రాసే బోర్డుకి అది సరే, ట్యాంక్‌కి వద్దని గట్టిగా చెప్పండి. మంట తగిలిన అంచులో ఒత్తిడి నిలిచిపోతుంది, తర్వాత ద్రావకం తగిలితే అక్కడే పగుళ్ళు పుడతాయి.

తర్వాత నీటి పరీక్ష. ట్యాంక్ కింద పూర్తిగా ఆనే సమతలం ఉండాలి. గాజు ట్యాంక్‌కి వాడే చుట్టూ ఫ్రేమ్ మాత్రమే ఉన్న ఇనప స్టాండు యాక్రిలిక్‌కి సరిపోదు, దాని మీద 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ పరవాలి. మీ కొలతలకి నిండా నీళ్ళంటే 243 లీటర్లు. ఖాళీ ట్యాంక్ ఇంకో 25 కిలోల దాకా ఉంటుంది. మూడో వంతు పోసి ఒక రాత్రి, రెండు వంతులు పోసి ఒక రాత్రి, నిండా పోసి రెండు మూడు రోజులు ఉంచండి. చుట్టూ అడుగున పాత న్యూస్‌పేపర్ పట్టీలు పరిస్తే ఒక్క చుక్క పడినా మచ్చ కనిపిస్తుంది. ముందు పలక మీద అడ్డంగా దారం లాగి కట్టి, మధ్యలో పలక ఎంత ఉబ్బిందో ఖాళీగా ఉన్నప్పుడు, నిండగానే, మూడో రోజు కొలిచి రాసుకోండి. యాక్రిలిక్ కొంత ఉబ్బడం సహజం. నిండిన తొలి రోజుకీ మూడో రోజుకీ కొలత స్పష్టంగా పెరుగుతుంటే పై బిగింపు పట్టీ బలం చాలడం లేదన్నమాట. ఇంత పట్టింపు ఎందుకంటే, మీ ముందు పలక మీద నీరు నెట్టే బలం మొత్తం దాదాపు 120 కిలోల బరువుకి సమానం.

ఏ గీతని తీయాలి, ఏది వదలాలి

పరీక్ష నెగ్గితే నీళ్ళు తీసేసి తెల్లటి పొర సంగతి చూడండి. బోరు నీళ్ళు ఆవిరై మిగిలిన సున్నం అది. దాన్ని వదిలించకుండా కాగితం పెడితే ఊడిన సున్నపు పలుకులే కొత్త గీతలు గీస్తాయి. లీటరు నీళ్ళలో 50 గ్రాముల నిమ్మ ఉప్పు కరిగించి, పాత కాటన్ గుడ్డని అందులో తడిపి పొర మీద అంటించి గంటసేపు వదిలేయండి. తర్వాత వాడేసిన ఏటీఎం కార్డు అంచుతో గీకితే వస్తుంది. మందంగా కట్టి ఉంటే మళ్ళీ చేయాలి. మామూలు వెనిగర్ కూడా పనిచేస్తుంది. స్టీలు బ్లేడు, స్టీలు పీచు, గిన్నెలు తోమే పచ్చ స్క్రబ్బర్ ట్యాంక్ దరిదాపులకి రానివ్వకండి.

ఇప్పుడు గీతల లెక్క. గోరుని గీతకి అడ్డంగా నడపండి. గోరుకి ఏమీ తెలియకుండా కంటికి మాత్రమే కనిపించేది మసక. గోరుకి సన్నగా తెలిసేది మామూలు గీత. గోరు పట్టుకుని ఆగిపోయేది లోతు గీత. లోతు గీతలున్న చోట పలకకి అవతలి వైపున మాస్కింగ్ టేపు ముక్క అంటించి గుర్తు పెట్టుకోండి. మార్కర్ పెన్ను వద్దు, దాని సిరా గీతల్లోకి దిగి వదలదు.

లోపలి గీతల్ని చూసి కంగారు పడేముందు పలక మీద నీళ్ళు చల్లి చూడండి, చాలా గీతలు మాయమవుతాయి. వెలుగుని ఎంత వంచుతుందో చెప్పే వక్రీభవన గుణకం యాక్రిలిక్‌కి 1.49, నీటికి 1.33, గాలికి 1. గాలి తగిలే ముఖం నుంచి వెలుగు దాదాపు 4 శాతం వెనక్కి తిరుగుతుంది, నీరు తగిలే ముఖం నుంచి 0.3 శాతమే. అందుకే ఒకే లోతు గీత బయట కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది, లోపల నీళ్ళలో కలిసిపోతుంది. నీళ్ళు చల్లినప్పుడు కనపడని లోపలి గీతల జోలికి వెళ్ళకండి. బయటి ముఖానికి ఈ వెసులుబాటు లేదు, అక్కడ ఉన్నవన్నీ కనిపిస్తూనే ఉంటాయి. మీ శ్రమలో ఎక్కువ భాగం బయటి వైపుకే పెట్టండి.

బలం సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. పలక గట్టిదనం మందం ఘనాన్ని బట్టి ఉంటుంది. మీ 10 మిల్లీమీటర్ల పలకలో మొత్తం మీద 0.2 మిల్లీమీటర్లు అరగదీస్తే గట్టిదనం సుమారు 6 శాతం తగ్గుతుంది, దానికి ఏమీ కాదు. అదే 6 మిల్లీమీటర్ల పలకలో అర మిల్లీమీటరు తీస్తే 23 శాతం పోతుంది. అలాంటి పలకకి లోతు గీతని ఉన్నచోటే వదిలి, అంచులు మాత్రం మెత్తబరచడం తెలివైన పని. గీత ఎక్కడుందనేది కూడా ముఖ్యం. నీళ్ళు నింపితే పలక బయటికి ఉబ్బుతుంది. అప్పుడు మధ్యభాగంలో బయటి ముఖం సాగుతుంది, కింది అతుకు దగ్గర లోపలి ముఖం సాగుతుంది. ఈ రెండు చోట్ల అడ్డంగా పడ్డ పదునైన లోతు గీతే పగులుకి మొదలయ్యేది. అందం కోసం కాకపోయినా వాటిని తప్పకుండా తీయాలి. మిగతా చోట్ల ఉన్నవాటిది కంటికి నచ్చడం, నచ్చకపోవడం మాత్రమే.

రుద్దడం

కావలసింది నీళ్ళలో తడిసినా చెడని నల్ల ఉప్పు కాగితం. కార్లకి పెయింటింగ్ చేసేవాళ్ళు వాటర్ పేపర్ అంటారు. రాణీగంజ్ హార్డ్‌వేర్ దుకాణాల్లోనూ, ఏ పేటలోనైనా కారు రంగులమ్మే చోటా దొరుకుతుంది. నంబర్లు 400, 600, 800, 1000, 1500, 2000, 3000; నంబరు పెరిగేకొద్దీ గరుకు తగ్గుతుంది. ఒక ముఖం పూర్తిగా చేయడానికి 400, 600 నంబర్లవి మూడేసి షీట్లు, మిగతావి రెండేసి తెచ్చుకోండి. 3000 నంబరుది వెనక ఫోమ్ ఉన్న గుండ్రటి డిస్క్‌గా దొరుకుతుంది, అదే బాగుంటుంది. ఆన్‌లైన్‌లో మైక్రోమెష్ అనే గుడ్డ కాగితాలు కొంటే వాటి నంబర్లు వేరే లెక్క అని గుర్తుంచుకోండి. మైక్రోమెష్ 1500 మన వాటర్ పేపర్ 1500 కంటే చాలా గరుకు. రెండింటినీ నంబరు చూసి కలిపి వాడితే వెనక్కి నడిచినట్టవుతుంది.

లోతు గీతకి 400తో మొదలుపెట్టండి. గోరుకి సన్నగా తెలిసేదానికి 800 చాలు. మసకకి 2000. అవసరానికి మించిన గరుకుతో మొదలుపెడితే లేని గీతలు తెచ్చుకోవడమే.

షీటుని నాలుగు ముక్కలు చేసి, గిన్నెలు కడిగే లిక్విడ్ రెండు చుక్కలు వేసిన నీళ్ళలో పావుగంట నాననివ్వండి. రబ్బరు బ్లాకుకి చుట్టి రుద్దండి. వేళ్ళతో నేరుగా నొక్కి రుద్దితే వేళ్ళ కిందే ఎక్కువ అరిగి, పాలిష్ అయ్యాక పలకలో అలల్లా కనిపిస్తుంది. ట్యాంక్‌ని పక్కకి పడుకోబెట్టి, రుద్దే పలక పైకి వచ్చేలా పెట్టుకుంటే నీరు నిలుస్తుంది, చేతి బరువు సమంగా పడుతుంది. కింద పాత దుప్పటి వేయండి, లేకపోతే ఇటు తీసిన గీతలు అటు పడతాయి. కారే బురద తెల్లగా పాలలా ఉండాలి. అది చిక్కబడి కాగితం జారుతున్నట్టు అనిపిస్తే నీళ్ళు పోసి కడిగి మళ్ళీ మొదలుపెట్టండి.

400తో అడ్డంగా రుద్దారనుకోండి, 600తో నిలువుగా రుద్దాలి. 800తో మళ్ళీ అడ్డంగా. ఇలా దిక్కు మార్చడంలో లాభం ఏమిటంటే, ముందు కాగితం పెట్టిన చారలు ఇంకా మిగిలాయో లేదో స్పష్టంగా తెలుస్తుంది. నిలువు చారల మధ్య ఒక్క అడ్డచార కనపడినా తర్వాతి నంబరుకి వెళ్ళకండి. ఎక్కువమంది పని చెడేది ఇక్కడే. 400 దగ్గర చెయ్యి నొప్పి పుట్టి, మిగిలింది 800లో పోతుందిలే అనుకుంటారు. 800 పెట్టే చారకంటే 400 చార చాలా లోతు. దాన్ని 800తో తీయాలంటే నాలుగింతల సేపు పడుతుంది, 2000తో అయితే పోనే పోదు. పాలిష్ అయ్యాక వెలుగులో పెడితే అప్పుడు బయటపడుతుంది. మళ్ళీ 400 దగ్గరికే రావాలి. మొత్తం సమయంలో సగానికి పైగా మొదటి రెండు నంబర్లకే ఖర్చయితే మీరు సరిగ్గా చేస్తున్నట్టే. 1500 దాటాక ఒక్కో నంబరు పలకంతటికీ పది పదిహేను నిమిషాల పని.

ప్రతి నంబరు తర్వాత పలకని కడిగి, మెత్తటి గుడ్డతో ఒత్తి, పూర్తిగా ఆరనిచ్చి చూడండి. తడిగా ఉన్నప్పుడు నీరు గీతల్ని దాచేస్తుంది. ఆరిన పలక అంతా ఒకే తెల్లదనంతో ఉండాలి, దానిలో పాత గీత ఉంటే వెలుగు గీతలా తేలుతుంది. నంబరు మారినప్పుడు బకెట్లో నీళ్ళు, గుడ్డ, బ్లాకు అన్నీ మార్చాలి లేదా శుభ్రంగా కడగాలి. 400 నంబరు కాగితం నుంచి ఊడిన ఒక్క పలుకు 2000 కింద చిక్కితే వంకీలు తిరిగిన గీతలు పలకంతా పరుస్తుంది.

ఒక్క గీత కోసం ఆ ఒక్క చోటే రుద్దకండి. అక్కడ గుంత పడి, చేప ఆ గుంత దాటినప్పుడు భూతద్దంలో చూసినట్టు సాగి కనిపిస్తుంది. గీతకి అన్ని వైపులా కనీసం జానెడు విస్తరించి, అంచుల వైపు క్రమంగా ఒత్తిడి తగ్గిస్తూ పోవాలి. ముందు పలక బయటి ముఖంలో రెండు మూడు లోతు గీతలుంటే ముక్కలుగా కాకుండా మొత్తం ముఖం ఒకేసారి చేయండి. కష్టం ఎక్కువే, కానీ చూపు సమంగా వస్తుంది.

ఎండలో ఈ పని పెట్టుకోవద్దు. ఏప్రిల్, మే నెలల్లో డాబా మీద పెడితే పలక చెయ్యి పెట్టలేనంత కాలుతుంది, నీరు నిమిషంలో ఆరిపోయి కాగితం పొడిగా గీకుతుంది. పైగా 120 సెంటీమీటర్ల పలక 25 డిగ్రీల తేడాకి 2 మిల్లీమీటర్ల దాకా సాగుతుంది, ఒక వైపు ఎండ ఇంకో వైపు నీడ ఉంటే ఆ లాగుడంతా అతుకుల మీద పడుతుంది. పొద్దున పూట, వరండాలో, నల్లా దగ్గర అయితే హాయి.

మెషీన్ వాడాలనుకుంటే

వేగం తగ్గించుకునే వీలున్న ర్యాండమ్ ఆర్బిటల్ పాలిషర్ (ప్యాడ్ తిరుగుతూనే పక్కలకీ కదిలే మెషీన్) అయితే సరే. యాంగిల్ గ్రైండర్ మాత్రం వద్దు. అది నిమిషానికి 11,000 చుట్లు తిరుగుతుంది, కన్ను మూసి తెరిచేలోపు యాక్రిలిక్ కరుగుతుంది. యాక్రిలిక్ 80, 90 డిగ్రీలకే మెత్తబడటం మొదలుపెడుతుంది. మెత్తబడ్డ చోట ప్యాడ్ అంటుకుని జిగురు సాగినట్టు మరక పడుతుంది. అది గీతకంటే మొండిది, మళ్ళీ 400 నుంచి రావాలి. ప్యాడ్‌ని ఎక్కడా నిలపకుండా నడుపుతూ, మధ్యమధ్యలో అరచేయి వెనక భాగం పలకకి ఆనించి చూడండి. చెయ్యి ఉంచలేనంత వేడి ఉంటే ఆపేయండి. తడి పనికి కరెంటు మెషీన్ వాడకండి, బ్యాటరీదైతేనే నీళ్ళ దగ్గర పెట్టండి. నా సలహా అడిగితే 2000 దాకా చెయ్యి, ఆ తర్వాత పొడిగా పాలిష్‌కి మెషీన్. మూలలకి మెషీన్ అందదు, అక్కడ చిన్న చెక్కముక్కకి కాగితం చుట్టి చేయాలి. అతుకు మీద మాత్రం రుద్దవద్దు.

కారు పాలిష్ చేసేవాళ్ళకి మెషీన్ నడపడం బాగా వచ్చు, అది నిజం. కానీ వాళ్ళ చేతి వేగం కారు పెయింటుకి అలవాటైనది. వాడే మందుల్లో మైనం, సిలికాన్, కిరోసిన్ జాతి ద్రావకాలు ఉండొచ్చు. బయటి ముఖానికి, అదీ 2000 దాకా మీరే రుద్దాక, ప్లాస్టిక్‌కి పనికొచ్చే నీటి ఆధారిత పాలిష్ మీరే తీసుకెళ్ళి ఇచ్చి చేయించుకోవచ్చు. లోపలి ముఖం వాళ్ళకి ఇవ్వవద్దు.

పాలిష్‌కి ప్లాస్టిక్ కోసమే చేసినవి ఉన్నాయి. నోవస్ అనే బ్రాండులో మూడు సీసాలు: 3 నంబరు ముతకది, 2 సన్నది, 1 తుడవడానికి. మీరు కాగితంతో 3000 దాకా వెళ్తే 3 నంబరు సీసా అక్కర్లేదు, 2 చాలు. అడుగు చదరానికి రెండు మూడు శనగగింజలంత పాలిష్, మెత్తటి ఫ్లానెల్ గుడ్డ. పూర్తిగా ఆరనివ్వకుండా, తడి సన్నగా ఉండగానే గుడ్డ శుభ్రమైన వైపుతో తుడిచేయాలి. రెండు మూడు సార్లు చేస్తే అవతల పెట్టిన పత్రికలో అక్షరాలు చక్కగా కనిపిస్తాయి. ఇత్తడి సామాన్ల పాలిష్ వద్దు, వాటిలో అమ్మోనియా, కిరోసిన్ లాంటి నూనెలు ఉండేవి ఉంటాయి. ఆ రోజుకి మెరుస్తుంది, నెలల తర్వాత క్రేజింగ్ రూపంలో బయటపడొచ్చు.

లోపలి వైపు 3000 దగ్గరే ఆపేసినా నీళ్ళు నింపాక మసక చాలావరకు కనపడదు. ముందు పలక కాబట్టి ఒక్కసారి సన్న పాలిష్ పెట్టమంటాను. పక్క పలకలకీ వెనక పలకకీ లోపల పాలిష్ జోలికి అసలు వెళ్ళకండి, వెనకాల ఎలాగూ నాచు పట్టి మూసుకుపోతుంది.

చేపలు వేసేముందు

పని అయ్యాక లోపలంతా గిన్నెల లిక్విడ్ కొద్దిగా కలిపిన నీళ్ళతో, చేత్తో, మూలలతో సహా కడగండి. నురగ పూర్తిగా పోయేదాకా నాలుగైదు సార్లు మంచి నీళ్ళు పోసి తీయండి. పాత ట్యాంక్ కాబట్టి రోగక్రిముల భయం ఉంటుంది. లీటరు నీళ్ళకి 10 మిల్లీలీటర్ల మామూలు బ్లీచ్ కలిపి గుడ్డతో లోపలంతా తడిపి పావుగంట ఉంచండి. నిమ్మ ఉప్పు వాడిన తర్వాత పూర్తిగా కడగకుండా బ్లీచ్ పెట్టకూడదు, రెండూ కలిస్తే క్లోరిన్ వాయువు వస్తుంది. బ్లీచ్ కడిగేశాక లీటరుకి 1 గ్రాము హైపో (క్లోరిన్‌ని పోగొట్టే సోడియం థయోసల్ఫేట్ పలుకులు) కలిపిన నీళ్ళతో మళ్ళీ తుడిచి కడిగితే మిగిలిన క్లోరిన్ పోతుంది. డెట్టాల్, స్పిరిట్ వాడవద్దు. తర్వాత ట్యాంక్ నింపి, ఒక రోజు ఫిల్టర్ నడిపి, ఆ నీళ్ళు పారబోసి, రెండోసారి నింపినప్పుడు ఫిల్టర్‌లో యాక్టివేటెడ్ కార్బన్ పెట్టండి. మంజీరా, కృష్ణా నల్లా నీళ్ళకి హైపో ఎలాగూ కావాలి. బోరు నీళ్ళు కలుపుతుంటే నీటిమట్టం దగ్గర ఆ తెల్లటి పొర మళ్ళీ కడుతుంది. వారానికోసారి తడిగుడ్డతో తుడిచేస్తే గట్టిపడే అవకాశమే ఉండదు.

పాత యజమాని దగ్గర ఈ గీతలు ఎలా పడ్డాయో ఊహించడం కష్టం కాదు. నాచు తీసే అయస్కాంతానికీ పలకకీ మధ్య ఒక్క ఇసుక రేణువు చిక్కితే చాలు, పైనుంచి కిందిదాకా గీత వస్తుంది. యాక్రిలిక్‌కి పనికొచ్చే మెత్తటి ప్యాడ్ ఉన్న అయస్కాంతమే కొనండి. ఇసుక పైన రెండు వేళ్ళ ఎత్తు దాకా దాన్ని దించకండి. ఆ కింద భాగం చేత్తో, కార్డు ముక్కతో చేసుకోండి. తెల్లటి మేజిక్ స్పాంజి పని చేస్తుంది కానీ అది కూడా సన్నటి గరుకే, రోజూ వాడితే ఏడాదికి మసక వేస్తుంది. నాచు తింటుందని అందరూ వేసే సక్కర్ ఫిష్ పెద్దదయ్యాక యాక్రిలిక్‌ని నోటితో గీకి గుండ్రటి మరకలు పెడుతుంది, ఈ ట్యాంక్‌లో వేయకండి.

చేపలు ఉండగా లోపల కొత్త గీత పడితే ట్యాంక్ ఖాళీ చేయక్కర్లేదు. నీళ్ళ లోపలే 2000, 3000 కాగితంతో, కొత్త ముక్కతో, పది నిమిషాలు రుద్దితే చాలు. ఊడే తెల్ల పొడి ఫిల్టర్‌లో చిక్కుతుంది, ఆ తర్వాత స్పాంజి కడిగేయండి. పాలిష్ మాత్రం నీళ్ళలో పెట్టకూడదు.

నీటి పరీక్షలో రాసుకున్న మూడు ఉబ్బు కొలతలు, ఆ ఎడమ మూల బుడగల ఫొటో పెట్టండి. ఫొటో తీసేటప్పుడు ఫ్లాష్ వాడకుండా టార్చ్ పక్కనుంచి కొట్టి, అతుకు లోపలి అంచూ బయటి అంచూ రెండూ కనపడేలా తీస్తే, దాన్ని అలాగే వదలొచ్చో కడ్డీ అతికించాలో చెప్తాను. అప్పటిదాకా 400 కాగితం ముట్టుకోకండి.